సబ్ అవార్డా, కొనుక్కున్న సర్వీసా? పరిశోధన గ్రాంటుల్లో మన పనికి పెట్టే పేరు

సబ్ కాంట్రాక్టు అనే మాట మనవాళ్ళకు కొత్తది కాదు. పాలమూరు నుంచి డ్యాములు కట్టడానికి పోయిన లేబరుకు ఆ మాట బాగా తెలుసు. పెద్ద కాంట్రాక్టరు, అతని కింద చిన్న కాంట్రాక్టరు, అతని కింద గుంపు మేస్త్రీ, అందరికంటే కింద తట్ట మోసే మనిషి. డ్యాము మీద శిలాఫలకం వేసేటప్పుడు ఆ కింది మనిషి పేరు ఎవరికీ గుర్తు రాదు. విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రాంటుల్లో కూడా ఈ మాట ఉంది. కానీ అక్కడ దాని అర్థం దాదాపు తలకిందులు. అక్కడ సబ్ కాంట్రాక్టు, ఇప్పటి మాటలో సబ్ అవార్డు, అంటే పరిశోధనలో వాటా. కూలి అనదగ్గదానికి అక్కడ వేరే పేరుంది: కొనుక్కున్న సర్వీసు. ఈ తేడా తెలియక మన సంఘాలు, మన విద్యార్థులు చాలా పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ వ్యాసం.

ముందు మా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక అమెరికా విశ్వవిద్యాలయం వాళ్ళు తెలంగాణ పల్లెల్లో తాగునీళ్ళు, ఆరోగ్యం మీద సర్వే చేయాలనుకున్నారు. మాదిగవాడల్లో, మాలవాడల్లో తిరగగలిగిన వాళ్ళు కావాలని మేం పనిచేస్తున్న చిన్న సంఘాన్ని అడిగారు. ఫారానికి ఇంత అని రేటు. ఒప్పందం మూడు పేజీలు. పైన ‘సర్వీస్ అగ్రిమెంట్’ అని ఉంది. మేం చదవకుండానే సంతకం పెట్టాం. డబ్బు వస్తుంది గదా, పిల్లలకు నాలుగు నెలలు పని దొరుకుతుంది గదా అనుకున్నాం.

ప్రశ్నాపత్రంలో ‘మీ ఇంటికి నీళ్ళు ఎంత దూరం?’ అని ఉంది. రెండో రోజు సాయంత్రం మా సర్వే బృందంలోని ఒక అమ్మాయి వచ్చి అన్నది: “అన్నా, ఇది అడిగితె లాభం లేదు. నల్లా యాభై గజాల్లనే ఉన్నదంటున్నరు. ముందుగాల పట్టుకోనిస్తరా, అందరు పట్టుకున్నంక పట్టుకోవాల్నా అని అడుగుతె గదా అసలు సంగతి తెలిసేది.” అక్కడ కూర్చుని ఆ పిల్లలే అయిదు కొత్త ప్రశ్నలు రాశారు. ఏ వాడలో ఏ వేళకు పోవాలి, ఎవరి ఇంటి ముందు కూర్చుని మాట్లాడకూడదు, ఏ ఊళ్ళో సర్పంచికి చెప్పకుండా పోవాలి, ఇవన్నీ వాళ్ళే నిర్ణయించారు. మొదట ఎంచిన ఊళ్ళలో రెండు పనికిరావని చెప్పి మార్పించారు కూడా. రెండేళ్ళకు వ్యాసం అచ్చయింది. దాని బలమంతా ఆ అయిదు ప్రశ్నల మీదే ఉంది. చివర్లో ‘స్థానిక సర్వే సిబ్బందికి కృతజ్ఞతలు’ అని ఒక వాక్యం. నింపిన ఫారాలు మా దగ్గర ఒక్కటీ లేవు. తర్వాత జిల్లా కలెక్టరు దగ్గరికి వినతిపత్రం పట్టుకుపోదామంటే, మా పిల్లలు తెచ్చిన సమాచారం మేమే వాడుకోలేని పరిస్థితి.

అప్పుడు కోపం వచ్చింది. ఎవరి మీద అనేది మాత్రం తెలియలేదు. ఆ ప్రొఫెసరు చెడ్డమనిషి కాదు. అసలు పని ఒప్పందం మీది పేరులో జరిగిపోయిందని అర్థం కావడానికి మాకు చాలా కాలం పట్టింది.

అమెరికా ప్రభుత్వం ఇచ్చే గ్రాంటులకు ఒక ఉమ్మడి నిబంధనావళి ఉంది. యూనిఫాం గైడెన్స్ అంటారు. 2013 డిసెంబరులో వెలువడి, 2014 డిసెంబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. 2024లో పెద్దఎత్తున సవరించారు, ఆ సవరణలు 2024 అక్టోబరు 1 నుంచి అమలయ్యాయి. అంతకు ముందు ఈ విషయాలు ఎ-21, ఎ-110, ఎ-133 అనే వేర్వేరు సర్క్యులర్లలో ఉండేవి. ఎ-133లో ఈ తేడానే ‘సబ్ రిసిపియెంట్’, ‘వెండర్’ అనే మాటలతో చెప్పారు. ఇప్పుడు వెండర్ పోయి ‘కాంట్రాక్టర్’ వచ్చింది. పాత అలవాటు కొద్దీ చాలా విశ్వవిద్యాలయాల్లో సబ్ అవార్డును ఇప్పటికీ సబ్ కాంట్రాక్టు అనే పిలుస్తారు. సబ్ కాంట్రాక్టరు అంటే కాంట్రాక్టరు కాదన్నమాట! గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది.

నిబంధనావళిలో 200.331 అనే విభాగం ఈ తేడాను చెబుతుంది. దాన్ని మన మాటల్లో పెడితే ఇట్లా ఉంటుంది. డబ్బు తీసుకున్న సంస్థ పరిశోధనకు సంబంధించిన నిర్ణయాలు తానే తీసుకుంటున్నదా? కార్యక్రమం అనుకున్న లక్ష్యం చేరిందా లేదా అనేదాన్ని బట్టి ఆ సంస్థ పనిని కొలుస్తారా? గ్రాంటుకు ఉన్న షరతులు ఆ సంస్థకూ వర్తిస్తాయా? ఎవరికి ఆ కార్యక్రమంలో చోటు ఉండాలో తేల్చేది ఆ సంస్థేనా? అయితే అది సబ్ రిసిపియెంట్, దానికి ఇచ్చేది సబ్ అవార్డు. అట్లా కాకుండా, ఆ సంస్థ మామూలుగా చేసే వ్యాపారమే అదీ, అదే సరుకు, అదే సేవ పదిమందికీ అమ్ముతుందీ, పోటీలో ఉందీ, ఆ సేవ పరిశోధనకు పక్కనుంచి సాయపడేదే తప్ప పరిశోధన కాదూ అంటే, అది కాంట్రాక్టర్. అక్కడ జరిగేది కొనుగోలు.

ఇందులో మనం గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఒప్పందానికి ఏం పేరు పెట్టారన్నది ముఖ్యం కాదు, లోపల ఉన్న సంబంధం ఏమిటన్నదే ముఖ్యమని ఆ విభాగమే చెబుతుంది. లక్షణాలన్నీ ఉండాలని కూడా లేదు, మొత్తం చూసి వివేకంతో తేల్చాలంటుంది. ‘సర్వీస్ అగ్రిమెంట్’ అని పైన రాసినంత మాత్రాన అది సర్వీసు అయిపోదు.

మా కథకు ఇది పెట్టి చూడండి. జీపు అద్దెకు ఇచ్చినతను ఆ నెలలో పెళ్ళిళ్ళకూ ఇచ్చాడు, మాకూ ఇచ్చాడు. అతను కాంట్రాక్టరే. ఫారాలు అచ్చువేసిన ప్రెస్సు, రక్తపరీక్ష చేసిన ల్యాబు, క్యాసెట్లోని మాటను కాగితం మీదికి ఎక్కించిన టైపిస్టు, వీళ్ళంతా కాంట్రాక్టర్లే. వాళ్ళకు వ్యాసంలో వాటా లేదని ఎవరూ బాధపడనక్కరలేదు. కానీ ప్రశ్న మార్చినవాళ్ళు? ఊళ్ళు మార్చినవాళ్ళు? ‘వాడలోకి పోగలగడం’ అనే పని మన సంఘం నలుగురికీ అమ్మే సరుకా? మార్కెట్లో ఇంకెవరైనా పోటీకి వచ్చి తక్కువ రేటుకు అది ఇవ్వగలరా? రాలేరు. అందుకే గదా మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. నిబంధన మాట ప్రకారమే చూసినా అది సబ్ అవార్డు కావలసిన పని. పొలం పాలుకు చేసేవాడికీ, గుత్తకు కోత కోసేవాడికీ తేడా మన ముసలమ్మలను అడిగినా చెబుతారు. పాలుకు చేసినవాడు విత్తనం దగ్గర్నుంచి మాట్లాడతాడు. మాతో విత్తనం ఎంపిక చేయించుకుని, కోత కూలి లెక్క కట్టారు.

ఇక డబ్బు సంగతి. అమెరికా విశ్వవిద్యాలయాలు గ్రాంటులో పరిశోధన ఖర్చు మీద అదనంగా పరోక్ష ఖర్చు అని ఒక శాతం తీసుకుంటాయి. భవనాలు, కరెంటు, ఆఫీసు సిబ్బంది వగైరాలకు. ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కో రేటు. ఈ శాతాన్ని అన్ని ఖర్చుల మీదా వేయరు. పెద్ద యంత్రాలు, విద్యార్థుల ఫీజులు వంటివి తీసేస్తారు. సబ్ అవార్డు అయితే ఒక్కోదాంట్లో మొదటి 50,000 డాలర్ల మీదే వేస్తారు. 2024 సవరణకు ముందు అది 25,000. కొనుక్కున్న సర్వీసు మీద మాత్రం మొత్తానికీ వేస్తారు.

ఉదాహరణకు రేటు 50 శాతం అనుకుందాం. మన సంఘం పని కోసం గ్రాంటులో మొత్తం 3,00,000 డాలర్లు పక్కన పెట్టారు. సర్వీసు అని రాస్తే అందులో మనకు 2,00,000 వస్తుంది, విశ్వవిద్యాలయానికి 1,00,000 పోతుంది. సబ్ అవార్డు అని రాస్తే విశ్వవిద్యాలయం మొదటి 50,000 మీద 25,000 తీసుకుంటుంది, 2,75,000 మనకు వస్తుంది. పని అదే, మనుషులు వాళ్ళే, తిరిగే ఊళ్ళు అవే. పేరు మారితే 75,000 డాలర్లు చేతులు మారతాయి. ప్రాంగణం బయట జరిగే పరిశోధనకు చాలా విశ్వవిద్యాలయాల్లో తక్కువ రేటు ఉంటుంది, అప్పుడు తేడా తగ్గుతుంది గానీ పోదు. పైగా సబ్ అవార్డులో మన ఆఫీసు అద్దె, లెక్కలు రాసే మనిషి జీతం వంటి పరోక్ష ఖర్చును మనమూ చూపించవచ్చు. అమెరికా ప్రభుత్వంతో ముందే కుదుర్చుకున్న రేటు లేని సంస్థలు ఖర్చుల్లో 15 శాతం దాకా తీసుకునే వీలు ఆ నిబంధనావళిలో ఉంది. 2024కు ముందు అది 10 శాతమే. ఫారానికి ఇంత అన్నచోట అద్దె ఎక్కడ కలుస్తుంది? జ్వరం వచ్చి పడుకున్న పిల్ల నాలుగు రోజులు ఎక్కడ కలుస్తాయి?

అంటే విశ్వవిద్యాలయాలన్నీ ఆశకొద్దీ సర్వీసు అని రాస్తాయని అనుకోకూడదు. సబ్ అవార్డు ఇస్తే తీసుకున్న సంస్థ గట్టిదా కాదా అని ముందే అంచనా కట్టాలి, పని జరుగుతున్నదా అని చూస్తూ ఉండాలి, రిపోర్టులు తెప్పించుకోవాలి. ఆ బరువంతా గ్రాంటుల ఆఫీసు మీద పడుతుంది. బిల్లు కట్టి చేతులు దులుపుకోవడం తేలిక. బద్ధకం కూడా కులంలాగే పనిచేస్తుంది ఒక్కోసారి: ఎవరినీ తిట్టకుండానే మనిషిని కింద కూర్చోబెడుతుంది.

డబ్బు కంటే పెద్దది గుర్తింపు. మనుషుల మీద చేసే పరిశోధనకు నైతిక అనుమతి కావాలి. ఆ విషయంలో అమెరికా ప్రభుత్వ కార్యాలయం 2008 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకం ఒకటుంది. ఏ సంస్థ పరిశోధనలో ‘పాల్గొన్నట్టు’, ఏది పాల్గొననట్టు అనేది అందులో చెప్పారు. కేవలం సేవ అందించిన సంస్థ పాల్గొననట్టే లెక్క. కానీ దానికి షరతులున్నాయి. ఆ సేవ వృత్తిపరమైన గుర్తింపుకు గానీ, ప్రచురణలో చోటుకు గానీ అర్హమైనది కాకూడదు. పరిశోధన కాని పనులకు కూడా మామూలుగా చేసే సేవ అయ్యుండాలి. పరీక్షిస్తున్న మందునో పద్ధతినో ఆ సంస్థ మనుషులు ప్రయోగించకూడదు. మొదటి షరతు ఇంకోసారి చదవండి. మిమ్మల్ని సర్వీసు అన్నారంటే, మీ పనికి పేరు దక్కే అర్హత లేదని ముందే రాసుకున్నారన్నమాట. వ్యాసం రాయకముందే, ఫారం నింపకముందే.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన కొలత కూడా చూద్దాం. సమాచారం సేకరించడంలో గణనీయమైన పాత్ర ఉంటే రచయిత కావడానికి మొదటి మెట్టు ఎక్కినట్టే. అయితే అదొక్కటే చాలదు. రాయడంలోనో దిద్దడంలోనో పాలుపంచుకోవాలి, చివరి ప్రతిని ఒప్పుకోవాలి, జవాబుదారీ తీసుకోవాలి. మరి మొదటి మెట్టు ఎక్కినవాళ్ళకు తక్కిన మూడు మెట్లు ఎక్కే అవకాశం ఇవ్వాలని కూడా ఆ కమిటీయే చెబుతుంది. మా పిల్లలకు వ్యాసం ప్రతి ఎవరూ చూపించలేదు. చూపించనప్పుడు దిద్దేదెట్లా? దిద్దలేదు గనక రచయితలు కారు. చూశారా, చక్రం ఎంత చక్కగా తిరుగుతుందో!

సమాచారం ఎవరిది అనే ప్రశ్న దీనికి తోడు. సర్వీసు ఒప్పందాల్లో సాధారణంగా తయారైనదంతా కొన్నవాళ్ళదని రాస్తారు. సబ్ అవార్డులో మన పనిలో తయారైన రచన మీద హక్కు మనకు ఉండే వీలుంది. అమెరికా ప్రభుత్వం దాన్ని వాడుకునే హక్కును అట్టిపెట్టుకుంటుంది, అంతే. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులు నడుస్తున్న ఊళ్ళలో, ఎవరు ఎవరితో ఏం చెప్పారన్న కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయనేది చిన్న విషయం కాదు. సాక్షి ప్రాణం సంగతి అది.

ఇంతా చెప్పి, ప్రతి సంఘమూ సబ్ అవార్డు కోసం పట్టుబట్టాలని అనను. అది పెద్ద మాటలా వినిపిస్తుంది గానీ దానికి ఖరీదుంది. లాభం మిగుల్చుకోకూడదు. ఖర్చు చూపించాలి, రసీదులు పెట్టాలి, చివరి లెక్క ఇచ్చాక కూడా కాగితాలు మూడేళ్ళు దాచాలి. చాలాచోట్ల ముందు ఖర్చుపెట్టి తర్వాత బిల్లు పంపమంటారు. బిల్లు అందాక 30 రోజుల్లో ఇవ్వాలని నిబంధన ఉంది, నిజమే. కానీ ముందు పెట్టడానికి మన దగ్గర ఏముంది? ముందస్తుగా ఇవ్వడానికీ నిబంధనల్లో చోటుంది. అడగాలి. అడక్కపోతే ఎవరూ చెప్పరు. నలుగురు మనుషులున్న సంఘం రెండు నెలల చిన్న పనికి ఇంత తలనొప్పి పెట్టుకోవడం కంటే మంచి రేటుకు సర్వీసు చేసి పెట్టడమే మేలు కావచ్చు. అప్పుడు కాపీ మన దగ్గర ఉండాలనీ, పేర్లు వేయాలనీ ఒప్పందంలో రాయించుకోవచ్చు. కొన్నవాళ్ళు ఒప్పుకుంటే సర్వీసు ఒప్పందంలో అవి రాయకూడదనేమీ లేదు.

మన దేశపు చట్టం ఈ చిక్కును ఇంకో ముడి వేసింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం విదేశీ ప్రభుత్వం నుంచి గానీ సంస్థ నుంచి గానీ గ్రాంటు తీసుకోవాలంటే రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సెప్టెంబరు వరకూ, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ ఆ చట్టం కింద నమోదైన చిన్న సంస్థకు అందులోంచి కొంత ఇవ్వగలిగేది. ఆ నెలలో వచ్చిన సవరణ ఆ దారి పూర్తిగా మూసేసింది. విదేశీ విరాళాన్ని ఇంకెవరికీ బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చుల పరిమితిని కూడా 50 నుంచి 20 శాతానికి దించారు. విదేశీ డబ్బు మొదట దిగవలసింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే.

ఫలితం ఏమిటి? హైదరాబాదులోని సంస్థ గ్రాంటు తెచ్చుకుంటే పల్లెలోని దళిత సంఘానికి అందులో వాటా ఇవ్వలేదు, పని కొనగలదు. వాటా అన్నది చట్టవిరుద్ధం, కూలి అన్నది చట్టబద్ధం. చట్టం ఎవరినీ పేరుపెట్టి అనలేదు గానీ, ఢిల్లీలో ఖాతా తెరవగలిగేదెవరో, తెరవలేనిదెవరో అందరికీ తెలుసు.

నేరుగా విదేశీ విశ్వవిద్యాలయంతో వ్యవహరించినా అదే కథ. మామూలు వ్యాపార క్రమంలో అందించిన సరుకుకో సేవకో వచ్చిన ఖరీదు విదేశీ విరాళం కాదని చట్టం వివరణలోనే ఉంది. దాంతో రిజిస్ట్రేషన్ లేని సంఘాలకు ‘సర్వీసు అని రాసేద్దాం’ అనే సలహా తేలిగ్గా దొరుకుతుంది. ఇక్కడ జాగ్రత్త పడాలి. సమాజసేవ అని సొసైటీగా రిజిస్టరైన సంఘానికి సర్వే చేయడం ‘మామూలు వ్యాపారం’ ఎట్లా అయింది అని రేపు ఎవరైనా అడిగితే జవాబు ఉండాలి. అమెరికా నిబంధన ఒప్పందం పేరు వదిలి లోపలి సంబంధం చూడమంటున్నదనుకున్నాం గదా. ఆ ప్రశ్నే ఇక్కడ మన మెడకు చుట్టుకోవచ్చు. సేవ అన్నాక పన్నుల ముచ్చట కూడా వస్తుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్, దేశంలోని సంస్థకు చేసిన సర్వే పని మీద సాధారణంగా 18 శాతం. కాబట్టి సంతకానికి ముందు ఆడిటరును కలవండి. ఆయనకిచ్చే ఫీజు దండుగ కాదు.

2025 మే 1న అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, అంటే ఎన్.ఐ.హెచ్., ఒక ప్రకటన చేశాయి. విదేశీ సంస్థలకు సబ్ అవార్డు ఉన్న గ్రాంటులను, కొత్త పద్ధతి తెచ్చేదాకా ఇవ్వబోమని. డబ్బు ఎటు పోతున్నదో తాము నేరుగా చూడగలగాలన్నది వాళ్ళు చెప్పిన కారణం. ఇటువంటి కాలంలో అక్కడి ప్రొఫెసర్లకు కూడా సర్వీసు అనే మాట తియ్యగా వినిపిస్తుంది. వాళ్ళకు ఎదురయ్యే ప్రశ్నా అదే: పేరు మార్చినంత మాత్రాన పని మారుతుందా?

చివరిగా ఒక ఆచరణ విషయం. ఇదంతా ఎప్పుడు మాట్లాడాలి? గ్రాంటు వచ్చాక కాదు, దరఖాస్తు పంపకముందే. మొదటి దరఖాస్తులో లేని సబ్ అవార్డును తర్వాత చేర్చాలంటే నిధులిచ్చే సంస్థ ముందస్తు అనుమతి కావాలి. మామూలు కొనుగోలుకు ఆ అనుమతి అక్కర్లేదు. అంటే ఆలస్యంగా నోరు విప్పితే నియమాలే మనల్ని సర్వీసు వైపు తోస్తాయి. “మాది బడ్జెట్టులో ఏ పద్దు కింద రాస్తున్నారు సార్?” అన్న ఒక్క ప్రశ్న మొదటి ఫోనులోనే అడగండి. మేం ఈసారి అడిగాం. ఇంకో విశ్వవిద్యాలయం వాళ్ళు, ఇంకో సర్వే. అవతలి ప్రొఫెసరు కాసేపు ఆగి, కనుక్కుని చెబుతానన్నారు. ప్రశ్నలు రాసిన ఆ అమ్మాయి ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నది. జవాబు వచ్చేదాకా ప్రశ్నాపత్రం చూసిపెట్టేది లేదని చెప్పింది. మేమూ సరేనన్నాం.